చందమామ మీద చక్రాల రక్షణ సంఘం

సోమవారం

పేర్రాజు గారి సైకిలుకి ముందు చక్రం పోయింది. టిఫిను హాలు బయట, గొలుసు వేసిన చోటే, గొలుసుతో సహా సైకిలు అలాగే ఉంది. చక్రం లేక ముక్కు నేలకు ఆనించి, దేవుడికి దండం పెడుతున్నట్టు వంగి ఉంది. పేర్రాజు గారు మా సొరంగానికి పెద్ద. నోట్లో ఇడ్లీ ముక్కతోనే బయటికి వచ్చి, సైకిలు చుట్టూ తిరిగి, "ఎవడండీ అది? సరదాకైనా ఓ హద్దుండద్దా?" అని కేకలు వేశారు. ఊచలకు ఎర్ర పూసలు, పచ్చ పూసలు గుచ్చుకున్న చక్రం అది. ఆయనకు ప్రాణం. హాల్లో ఉన్నవాళ్ళందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నిజానికి ఇది ఆస్పత్రి దినచర్య. ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి రక్తపోటు ఎలా ఉంది, గాలి యంత్రం కంపు కొడుతోందా లేదా, ఇవన్నీ నర్సునైన నేను రాసి వారం వారం ఊరికి పంపాలి. ఊరంటే భూమి. ఇక్కడ అందరం అలాగే అంటాం. ఈ రోజు ఎవరికీ జ్వరం లేదు. అందుకని చక్రం సంగతి రాస్తున్నాను.

చందమామ మీదకు వెళ్ళి సైకిళ్ళు తొక్కడమేమిటని ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. వాళ్ళు ఒకసారి ఇక్కడ నడిచి చూడాలి. మా బరువు ఊళ్ళో బరువులో ఆరో వంతు. అడుగు కాస్త గట్టిగా వేస్తే మనిషి లేచి, తల సొరంగం కప్పుకి తగులుతుంది. బ్యాటరీ బండ్లేమో ఓ అగ్నిప్రమాదం తర్వాత మాన్పించారు. ఇక మిగిలింది సైకిలే. వెనక క్యారియర్ మీద రాళ్ళ మూట కట్టుకుని, బ్రేకులు పడతాయన్న ఆశ పెద్దగా పెట్టుకోకుండా తొక్కాలి. చక్రాలు ఇక్కడ తయారు కావు. రాకెట్లో రావాలి.

మధ్యాహ్నం ఈశ్వరిని చూసి వచ్చాను. తొమ్మిదో నెల. ఈ సొరంగంలో పుట్టబోయే మొదటి బిడ్డ. ఆమె ఉండేది సొరంగానికి ఆ చివర, వర్క్‌షాపు పక్కన. ఆస్పత్రి ఈ చివర. వచ్చి ఆస్పత్రిలో పడుకోమంటే వినదు. "నేను పడుకుంటే ఈ వెల్డింగులన్నీ ఎవరు చేస్తారక్కా? మాయన చేస్తాడా?" అంది. వాళ్ళాయన సన్యాసినాయుడు బడిలో లెక్కల మాస్టారు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి. నొప్పులు మొదలవగానే ఫోను చేస్తే, ఆస్పత్రి రిక్షా తొక్కుకుంటూ నేనే వస్తానని చెప్పాను.

బుధవారం

ఇంకో నాలుగు ముందు చక్రాలు పోయాయి. నవ్వులు ఆగిపోయాయి.

నిన్న టిఫిను హాల్లో సభ పెట్టారట. నేను సూదులు ఉడకబెట్టుకుంటూ వెళ్ళలేకపోయాను. పొద్దున్నే పేర్రాజు గారు ఆస్పత్రికి నడుచుకుంటూ వచ్చారు. గుమ్మం దగ్గర ఎగిరి, పై కమ్మీకి తల కొట్టుకుని, నెత్తి రుద్దుకుంటూ, "ఎస్తేరు సిస్టరు గారూ, శుభాకాంక్షలండి. చక్రాల రక్షణ సంఘానికి మీరే అధ్యక్షులండి. ఏకగ్రీవం" అన్నారు.

"నన్నెవరు అడిగారండీ?"

"మీరు లేరు కదండీ. ఉన్నవాళ్ళెవరూ ఒప్పుకోలేదండి."

బొప్పికి మందు రాసి పంపాను. ఆయనే మొదటి ఆజ్ఞ కూడా తయారు చేసుకొచ్చారు. సైకిలు దిగగానే ముందు చక్రం ఊడదీసి, వెంట తీసుకెళ్ళాలి. నేను సంతకం పెట్టాను.

ఈ రోజు టిఫిను హాలు చూడాల్సిందే. ఒళ్ళో చక్రం, చక్రం మీద పళ్ళెం. చేయి ఎత్తితే పక్కవాళ్ళ ఊచల్లో ఇరుక్కుంటుంది. ఎవరిదో చక్రం దొర్లి సాంబారు గంగాళంలో పడింది. హాలు నడిపే బంగారమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "ఒలమ్మ ఒలమ్మ! ఇది హోటలా, సైకిలు సాపా? సక్రాలోళ్ళంతా లెగండి, బయటికెళ్ళి తినండి!" అని గదమాయించింది. ఎవరూ కదల్లేదు. సైకిలు పోతుందేమో అన్న భయం పోయి, బయటికెళ్తే చక్రం పోతుందేమో అన్న భయం పట్టుకుంది అందరికీ.

తిని, చక్రాలు చంకన పెట్టుకుని బయటికి వచ్చాం. మూడు సైకిళ్ళకు వెనక చక్రాలు లేవు.

శుక్రవారం

ఇప్పుడందరూ రెండు చక్రాలూ మోస్తున్నారు. రెండు చేతులూ చక్రాలకే సరిపోతే పని ఎలా చేస్తామని గనివాళ్ళు సమ్మె నోటీసు ఇచ్చారు.

బంగారమ్మ తన సలహా చెప్పింది. "సక్రాలకి కారం రాసీండి సిస్టరమ్మా. ఎవుడి కళ్ళు ఎర్రగుంటే ఆడే దొంగ." వినడానికి బాగుంది. సంఘం తరఫున ఒప్పుకున్నాను. హాలు కారమంతా తడిపి టైర్లకు పట్టించారు.

చక్రం తిరిగితే కారం లేస్తుందని, లేచిన కారం ఇక్కడ అంత తొందరగా కిందికి దిగదని ఎవరికీ తట్టలేదు, నాతో సహా. మధ్యాహ్నానికి సొరంగమంతా తుమ్ములు. తుమ్మినవాళ్ళు తుమ్మినట్టే గాల్లోకి లేచి కప్పుకి కొట్టుకున్నారు. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. దొంగ కళ్ళు కూడా ఎర్రగానే ఉండి ఉంటాయి.

గాలి యంత్రం కంపు కొడుతోందా అన్న గడిలో ఈ రోజు "కారం" అని రాశాను.

ఆ గొడవలోనే ఇంకో అరడజను చక్రాలు పోయాయి.

ఆదివారం

ఈశ్వరి మమ్మల్ని ఆదుకుంది. కడుపు అడ్డం వస్తున్నా బల్ల ముందు నిలబడి, మిగిలిన ప్రతి చక్రానికీ ఉక్కు తాళం చేసింది. ఊచల మధ్య నుంచి దూరి, ఇరుసుని పట్టుకునే తాళం. ఎవరి తాళంచెవి వారిది. బంగారమ్మ తన చెవిని మెళ్ళో నల్లపూసలకు కట్టుకుంది. పేర్రాజు గారికి చక్రమే లేదు గనక, తాళం ఒక్కటీ పట్టుకెళ్ళి గోడకు తగిలించుకున్నారు.

"దీన్ని పగలగొట్టాలంటే నేనే రావాలి" అంది ఈశ్వరి, చెమట తుడుచుకుంటూ. కాళ్ళు వాచి ఉన్నాయి. తిట్టి పడుకోబెట్టాను. అదే సమయానికి సన్యాసినాయుడు మాస్టారు ఇంట్లోకి వచ్చారు. సుద్దముక్కల పొడి ఉండాల్సిన వేళ్ళకి నల్లటి గ్రీజు ఉంది. బడిలో కిటికీ మడతబందులు బిగుసుకుపోయాయని, నూనె వేసి వస్తున్నానని చెప్పారు. నమ్మేశాను. ఈ సొరంగంలో ఒక్క కిటికీ కూడా లేదని ఆస్పత్రికి తిరిగొచ్చాక గుర్తొచ్చింది. ఏదో నోరు జారి ఉంటారనుకున్నాను.

మంగళవారం

ఆస్పత్రి రిక్షాకి మూడు చక్రాలూ పోయాయి. నా సైకిలు చక్రాలూ పోయాయి.

తాళాలు పగలగొట్టలేదు. నీటుగా తెరిచి, చక్రాలు తీసుకుని, మళ్ళీ తాళాలు వేసి గుమ్మానికి తగిలించి వెళ్ళారు. పేర్రాజు గారు ఒక తాళం తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"సిస్టరు గారూ, ఇది తాళం చేసిన చెయ్యేనండి. అనకూడదు గానీ..."

"నిండు నెలలతో ఉన్న మనిషి చక్రాలు మోసుకుపోయిందంటారా?"

"అనట్లేదండి. అడుగుదామంటున్నానండి."

అడగడానికి వెళ్ళాం, నడిచి. అంటే నెత్తిన గిన్నెలు బోర్లించుకుని. సైకిళ్ళు తగ్గినప్పటి నుంచి జనమంతా అలాగే తిరుగుతున్నారు. దూరం నుంచి చూస్తే వంటపాత్రల ఊరేగింపులా ఉంటుంది. తల కప్పుకి తగిలినప్పుడల్లా ఠంగుమంటుంది. దారి పొడవునా ఎవరొస్తున్నారో మోతను బట్టి చెప్పొచ్చు. పేర్రాజు గారిది ఇత్తడి గిన్నె.

ఈశ్వరి విని మండిపడింది. "నేను చేసిన తాళం నేనే తీసుకుంటానా? చేతకాక దొంగతనం చేస్తానా? మారు తాళంచెవులన్నీ ఇదిగో, ఈ తలుపు వెనక..." అంటూ తలుపు లాగింది. మేకుకి చెవుల గుత్తి లేదు. ఆమె చాలాసేపు ఆ మేకునే చూసింది. నేను చేయి పట్టుకుని నాడి చూశాను. పరుగులు తీస్తోంది.

"ఎవరో వచ్చి ఎత్తుకుపోయుంటారు" అంది నెమ్మదిగా. ఆమెకు తోచినదే నాకూ తోచింది. ఇద్దరమూ బయటికి అనలేదు. పేర్రాజు గారిని ఇక చాలని లాక్కొచ్చాను. మాస్టారిని విడిగా పట్టుకుని అడగాలి అనుకున్నాను. కానీ నా మనసులో దొంగతనం కన్నా రిక్షాయే తిరుగుతోంది. ఈశ్వరికి ఏ క్షణమైనా నొప్పులు రావచ్చు. ఈ చివర నేను, ఆ చివర ఆమె. మిగిలిన కాసిని సైకిళ్ళూ గనికే పోతున్నాయి, నాకు ఒక్క చక్రం లేదు.

బుధవారం

పొద్దున్న టిఫిను వేళకి ఫోను మోగింది.

"అక్కా, మొదలైంది. మాయన బడిలో లేడట. ఎక్కడున్నాడో తెలీదు. తొందరగా రా."

సంచి భుజానికి తగిలించుకుని, గిన్నె పెట్టుకుని పరిగెత్తాను. పరుగంటే నాలుగు గెంతులు, ఒక ఠంగు. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికే ఆయాసం ముంచుకొచ్చింది. అక్కడొక పాత నీళ్ళ ట్యాంకు ఉంది. గుండ్రటిది, పెద్దది, చిల్లుపడిందని ఎప్పుడో వదిలేశారు. దాని లోపల్నుంచి గరగరమని చప్పుడు వస్తోంది. మనిషి ఉన్నాడు, సాయం దొరుకుతుందని తలుపు తోశాను.

లోపల మా చక్రాలన్నీ ఉన్నాయి.

ట్యాంకు గోడ లోపలి అంచు పొడవునా, పాత మంచాల చట్రాలన్నీ ఒకదానికొకటి బిగించి ఒక పెద్ద వలయం చేశారు. దాని కింద సైకిలు చక్రాలు, పక్కన గోడకు ఆనుకునేలా మరికొన్ని. వలయానికి అక్కడక్కడా బుట్టలు వేలాడుతున్నాయి. ఒక బుట్టలో రాళ్ళు, ఒక బుట్టలో దుప్పటి పరిచి ఒక బొమ్మ. ఆ వలయమంతా గిర్రున తిరుగుతోంది. దానికి బిగించిన సీటు మీద కూర్చుని, తల వంచుకుని, సన్యాసినాయుడు మాస్టారు తొక్కుతున్నారు.

"మాస్టారూ! ఈశ్వరికి నొప్పులు!"

ఆయన ఉలిక్కిపడి బ్రేకు పట్టారు. బ్రేకు ఊడి చేతిలోకి వచ్చింది. నా ముందు నుంచి పోతూ, "ఎప్పట్నుంచీ?" అన్నారు.

"ఇప్పుడే! దిగండి!"

ఒక చుట్టు తిరిగి వచ్చి, "ఆగట్లేదండీ!" అన్నారు.

"ఆపండి!"

ఇంకో చుట్టు. "ఎలాగండీ?"

ఎలాగో నాకేం తెలుసు? నెత్తిన గిన్నె తీసి చక్రాల కిందికి విసిరాను. ఘోరమైన మోత మోగి, వలయం ఒక పక్కకు ఒరిగి, బుట్టలన్నీ ఒకదాని మీదొకటి ఊగి, ఆగింది. మాస్టారు గాల్లోంచి మెల్లగా తేలుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడ్డారు.

తిట్టడానికి నోరు తెరిచాను.

"మీ ఆస్పత్రి గోడ మీదే రాసుంది కదండీ," అన్నారు లేస్తూ, "ఇక్కడ పుట్టే పిల్లల ఎముకలు గట్టిపడవు, ఊళ్ళో నిలబడలేరు అని. నెల నెలా ఈశ్వరిని తీసుకొచ్చి కూర్చున్నప్పుడల్లా అదే చదివాను. ఇందులో తిప్పితే బరువు వస్తుందండి. లెక్క సరిపోయింది. చక్రాలు అడిగితే పేర్రాజు గారు రాకెట్టు వచ్చేదాకా ఆగమన్నారు. బిడ్డ ఆగదు కదండీ."

"ముందు రెండు చక్రాలు తియ్యండి" అన్నాను.

చేతికందిన రెండు చక్రాలు ఊడదీశారు. అందులో ఒకటి పూసల చక్రం. ఆయన సైకిలుకే బిగించి బయల్దేరాం. రాళ్ళ మూటకు బదులు నేను క్యారియర్ మీద కూర్చున్నాను. టిఫిను హాలు ముందు నుంచి పోతున్నప్పుడు ఎర్ర పూసలు, పచ్చ పూసలు గలగలలాడాయి. పేర్రాజు గారు హాల్లోంచి బయటికొచ్చి, "నా చక్రం! సిస్టరు గారే దొంగండీ! అధ్యక్షురాలేనండీ!" అని అరుస్తూ ఠంగు ఠంగుమంటూ వెంటపడ్డారు. ఆయన వెనక బంగారమ్మ, ఆమె వెనక హాలంతా.

ఈశ్వరి ఇల్లు వచ్చింది, దాటిపోయింది. వర్క్‌షాపు గోడకు గుద్దుకున్నాక ఆగాం. వెనక్కి గెంతుకుంటూ వచ్చాం.

గుమ్మం బయట పేర్రాజు గారు న్యాయం, ధర్మం అంటుంటే, బంగారమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. "లోపల పురుడవుతుంటే బయట నీ పూసల గోలేటి? నోర్మూసుకుని నీళ్ళు కాగెట్టు!" ఆ తర్వాత నాకు వినిపించింది ఈశ్వరి కేకలే. కాన్పు కష్టమైంది. ఇక్కడ నొక్కడానికి నాకూ బరువు లేదు, ఆమెకూ బరువు లేదు. మాస్టారు మంచం కోడు పట్టుకుని, నన్ను భుజాలతో కిందికి అదిమిపట్టారు. ఎగిరిపోకుండా.

ఆడపిల్ల. చక్కగా ఏడ్చింది. తల్లి క్షేమం. వేడినీళ్ళు పేర్రాజు గారే తెచ్చిచ్చారు.

ఆదివారం

పంచాయితీ ట్యాంకులోనే జరిగింది. అందరూ వచ్చారు. మాస్టారు తల వంచుకుని అన్నీ ఒప్పుకున్నారు. గనివాళ్ళు ఆయన్ని తిరుగు రాకెట్లో ఊరికి పంపెయ్యాలన్నారు. ఈశ్వరి బిడ్డను ఎత్తుకుని లేచి నిలబడింది. మొగుడి తరఫున కన్నీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాం. ఆమె వలయం దగ్గరికి వెళ్ళి, ఒక అతుకు మీద వేలితో కొట్టింది. అతుకు ఊడి కిందపడింది.

"ఇదా అతుకు?" అంది. "ఇందులోనా నా పిల్లని పడుకోబెడదామనుకున్నావు? ఇంట్లో వెల్డర్ని పెట్టుకుని, వైరుతో కడతావా? నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"నువ్వు భయపడతావనీ..." అన్నారాయన.

"నువ్వు కట్టింది చూశాక భయపడుతున్నా!"

సభ నవ్వేసింది. కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగాన్ని పేర్రాజు గారు పట్టుకుని వేలాడారు. చక్రాలు ఇప్పుడే, ఇక్కడే, ఎవరివి వారికి తిరిగి ఇచ్చెయ్యాలని పట్టుబట్టారు. అధ్యక్షురాలిగా నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను అన్నాను: ఈశ్వరి అతుకులు సరిచేశాక ఒక్కసారి తిప్పి చూద్దాం, పనికిరాదంటే అప్పుడే ఊడదీద్దాం. మొదట ఎవరెక్కుతారని అడిగితే అందరూ పక్కవాళ్ళని ముందుకి తోశారు.

"నానెక్కుతాను," అంది బంగారమ్మ, "నా వొయిసుకి పోయేదేటుంది?"

గురువారం

ఈశ్వరి బాలింతరాలు, పని ముట్టుకోకూడదన్నాను. కుర్చీలో కూర్చుని, వేలు చూపిస్తూ, గనివాళ్ళ చేత చేయించింది. కొత్త బ్రేకు కూడా పెట్టించింది.

బంగారమ్మ చెంగు బిగించుకుని బుట్టలో కూర్చుంది. మాస్టారు తొక్కారు. వలయం మెల్లగా కదిలి, వేగం అందుకుంది. బుట్ట పక్కకు లేచి గోడ వైపు వాలింది. మొదట్లో "ఓరి నాయనో" అని వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. భయమేసి ఆపమన్నాను.

బంగారమ్మ దిగలేదు. మోకాలి మీద రెండు చేతులూ వేసుకుని, అలాగే కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు.

"ఏమైందమ్మా? ఎక్కడ నొప్పి?"

"మోకాలు" అంది. "సిస్టరమ్మా, నా మోకాలు నొప్పెట్టింది! పిండి రుబ్బి రుబ్బి ఊళ్ళో ఇలాగే నొప్పెట్టేది. ఇక్కడికొచ్చినకాడ్నుంచి నాకు కాళ్ళున్నాయో లేవో కూడా తెల్దు." ముక్కు చీదుకుని, మాస్టారి వైపు తిరిగింది. "ఇంకోపాలి తిప్పు బాబూ."

ఆ తర్వాత వరస ఆపడం ఎవరి వల్లా కాలేదు. గనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. దిగి, తమ చేతులు తామే ఎత్తి ఎత్తి చూసుకున్నారు. పేర్రాజు గారు ఎవరూ చూడట్లేదనుకుని వరసలో దూరారు. దిగాక ట్యాంకు మూల వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి వరస చివర నిలబడ్డారు. మిగిలిన సైకిళ్ళు వంతులవారీగా వాడుకుందామని, తన పూసల చక్రం మాత్రం వలయానికి ముందు భాగంలో ఉండాలని ఆయనే ప్రతిపాదించారు. ఏకగ్రీవం.

అందరూ అయ్యాక ఈశ్వరి బిడ్డను నా చేతికిచ్చింది. "నువ్వు పట్టుకో అక్కా. నేను అతుకులు చూస్తుంటాను."

ఊళ్ళో బరువులో సగం చాలని, అంతకన్నా వేగం వద్దని మాస్టారికి గట్టిగా చెప్పి, పాపతో బుట్టలో కూర్చున్నాను. ఊళ్ళో నా చేతుల మీదుగా ఎందరో పిల్లలు పుట్టారు. ఈ పిల్ల మాత్రం ఎత్తుకున్నప్పుడల్లా దూదిపింజలా ఉండేది. పట్టుకున్నానా లేదా అని అనుమానం వచ్చేది. వలయం తిరిగింది. గోడ దగ్గరైంది. పాప నా మోచేతి ఒంపులోకి కొంచెం జారింది, ఇంకొంచెం జారింది, అక్కడ ఆగింది. తల బరువు తెలిసింది. పిరుదుల బరువు తెలిసింది. ఆవులించి, నా జాకెట్టు అంచు పిడికిట పట్టుకుంది.

అలసిపోయినట్టున్నారు, మాస్టారు వెనక్కి తిరిగి, "ఆపమంటారా సిస్టర్?" అని అరిచారు.

"అప్పుడేనా! తొక్కండి మాస్టారూ, తొక్కండి!"